ఆకలి వేయని వాడి ఉపవాసం



ఈసారి ఒక కథతో మొదలుపెడతాను. కథ నాదే, చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ ఉండదు. కానీ ఏకాదశి వచ్చినప్పుడల్లా ఉపవాసం గురించి మనం ఇక్కడ మాట్లాడుకుంటూనే ఉంటాం కదా. నా వైపు మాట కూడా ఒకటి చెప్పాలనిపించింది.

పోయిన ముక్కోటి ఏకాదశికి నేను ఉపవాసం చేశాను. తెల్లవారుజామున గుడికెళ్ళి ఉత్తర ద్వార దర్శనం చేసుకుని వచ్చాం. సాయంత్రం ఇంట్లో విష్ణు సహస్రనామ పారాయణం పెట్టుకున్నాం. పెద్దమ్మా వాళ్ళు, పక్క ఫ్లాట్ వాళ్ళు వచ్చారు. "పొద్దుట్నించీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు, అయినా వీడి మొహంలో నీరసమే లేదు చూడండి" అని పెద్దమ్మ అందరికీ చెప్పింది. ఒకాయన "నిగ్రహం అంటే అదీ" అన్నారు. నేను వినయంగా తల వంచుకున్నాను. లోపల మాత్రం బాగా సంతోషపడ్డాను.

నిజం ఏంటంటే, నాకు ఆకలి వేయలేదు. ఆకలిని గెలిచాను కాబట్టి కాదు. నా కడుపుకి సంబంధించిన నరాలు పాడయ్యాయి కాబట్టి.

లోపల ఏం జరుగుతోంది

నాకు ఇప్పుడు 28 ఏళ్ళు. తొమ్మిదో ఏట నుంచి టైప్ 1 షుగర్ ఉంది, అంటే 19 ఏళ్ళుగా ఇన్సులిన్ మీదే ఉన్నాను. షుగర్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే కళ్ళు, కిడ్నీలు దెబ్బతింటాయని చాలామందికి తెలుసు. కాళ్ళ మంటలు, తిమ్మిర్లు కూడా తెలుసు. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది. మనం అడగకుండానే లోపల పనులు నడిపే నరాలు ఉంటాయి. గుండె వేగం, బీపీ, చెమట, జీర్ణం, మూత్రాశయం అన్నీ వాటి చేతిలోనే ఉంటాయి. మా భాషలో చెప్పాలంటే అవి బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు. స్క్రీన్ మీద కనిపించవు, ఆగిపోతే గానీ ఉన్నాయని తెలీదు. వాటిని అటానమిక్ నరాలు అంటారు. అవి దెబ్బతింటే అటానమిక్ న్యూరోపతీ.

నాకు రెండేళ్ళ క్రితం బయటపడింది. ఆఫీసులో స్టాండప్ మీటింగ్‌కి లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మాయి. పడుకున్నప్పుడు 128 ఉన్న బీపీ, నిలబడిన రెండు నిమిషాల్లో 98కి దిగింది. మూడు నిమిషాల్లోపు పై అంకె 20 పడిపోయినా మామూలు కాదంటారు. నాది 30 పడింది. మామూలుగా మనం నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దాన్ని పైకి పంపుతాయి. బిగుసుకోమని చెప్పేది ఈ నరాలే. నా విషయంలో ఆ మాట సరిగ్గా చేరడం లేదు.

తర్వాత కడుపు. కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన టిఫిన్ పెట్టి, నాలుగు గంటల పాటు స్కాన్‌లు తీశారు. నాలుగు గంటలయ్యేసరికి కడుపులో 10 శాతానికి మించి మిగలకూడదు. నాకు 31 శాతం మిగిలింది. అందుకే నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్టు ఉంటుంది, మళ్ళీ ఆకలే వేయదు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. నేను వేసుకున్న ఇన్సులిన్ టైంకి వచ్చి పని మొదలుపెడుతుంది. అన్నం మాత్రం ఇంకా కడుపులోనే కూర్చుని ఉంటుంది. దాంతో ముందు షుగర్ పడిపోతుంది, రెండు మూడు గంటల తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతుంది.

అన్నిటికంటే భయపెట్టేది మూడోది. షుగర్ 70 కిందకి పోతే ఎవరికైనా చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. అది ఒంట్లో మోగే అలారం. నాకు అది మోగదు. తరచూ షుగర్ పడిపోవడం వల్ల సగం, నరాల వల్ల సగం ఆ అలారం మూగబోయింది. కొన్ని వారాల పాటు షుగర్ పడిపోకుండా చూసుకుంటే కొంత తిరిగి రావచ్చని మా డాక్టర్ మేడమ్ చెప్పారు. అందాకా చేతికి ఒక సెన్సర్ పెట్టారు. షుగర్ తగ్గితే ఫోన్ మోగుతుంది.

ఆ సాయంత్రం

పారాయణం మొదలయ్యే ముందు ఆ ఫోన్ స్విచ్ ఆఫ్ చేశాను.

మధ్యలో మోగితే బాగోదనుకున్నాను. అసలు కారణం అది కూడా కాదు. మోగితే అందరూ "ఏమైంది బాబూ" అంటారు, అమ్మ కంగారుగా పంచదార డబ్బా పట్టుకొస్తుంది, నా ఉపవాసం భంగమవుతుంది. నిగ్రహం అన్న ఆయన ముందు అలా జరగకూడదు. డాక్టర్‌కి ఉపవాసం సంగతి చెప్పలేదు. భోజనం ఇన్సులిన్ మానేశాను కానీ, రోజంతా పనిచేసే ఇన్సులిన్ ఎప్పటిలాగే వేసుకున్నాను.

తర్వాత జరిగింది నాకు సగమే గుర్తుంది. పారాయణం అయ్యాక అమ్మ నా మొహం చూసి "ఏంటి నాన్నా, అదోలా ఉన్నావ్?" అంది. "నాకేం లేదు" అన్నాను. చెల్లి గ్లూకోమీటర్ తెచ్చింది, చెయ్యి లాక్కున్నాను. అది వదల్లేదు. 46 చూపించింది. పంచదార నీళ్ళు నోటి దగ్గర పెడితే గ్లాసు విసిరేశానట. అమ్మని, అంతమంది ముందు, "నీ మొక్కులు, నీ ఉపవాసాలే నన్ను ఇలా చేశాయి" అన్నానట. రెండో గ్లాసు ఎలాగో తాగించారు. పావుగంట తర్వాత నేను మళ్ళీ నేనయ్యాను. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు. అమ్మ కింద కూర్చుని గాజు ముక్కలు ఏరుతోంది.

ఏమన్నానో మర్నాడు చెల్లి చెప్పింది. అమ్మ మాత్రం ఇప్పటికీ ఆ ఊసెత్తలేదు.

అన్నది నేనేనా?

కఠోపనిషత్తులో రథం పోలిక మీకు తెలిసే ఉంటుంది. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గాలు, బుద్ధి సారథి. రథంలో కూర్చున్నది ఆత్మ. బుద్ధి పగ్గాలు గట్టిగా పట్టుకుంటే గుర్రాలు మాట వింటాయని చిన్నప్పట్నుంచీ వింటున్నాం.

కానీ సారథి కూడా అన్నం మీదే బతుకుతాడు. మెదడు బరువు ఒంటి బరువులో సుమారు రెండు శాతమే. అయినా ఒళ్ళంతా ఖర్చు చేసే శక్తిలో సుమారు ఐదో వంతు అదే తీసుకుంటుంది, అదీ ఎక్కువగా గ్లూకోజ్ రూపంలోనే. షుగర్ 46 దగ్గర నా సారథి నిద్రలో ఉన్నాడు. నిద్రలో ఉన్నానని కూడా వాడికి తెలీదు. "నాకేం లేదు" అని నేను ఎంతో నమ్మకంగా చెప్పింది సరిగ్గా అప్పుడే. ఇది నన్ను చాలా రోజులు తొలిచింది. నా బుద్ధి బాగా పనిచేస్తోందా లేదా అని తేల్చాల్సింది కూడా నా బుద్ధే అయితే, అది తప్పినప్పుడు నాకు తెలిసేదెలా?

మరి అమ్మని అన్న మాటకి బాధ్యత ఎవరిది? "షుగర్ డౌన్ అయింది, నేను కాదు" అని తప్పించుకోవచ్చు. ఇంట్లో అందరూ అలాగే సర్దుకున్నారు కూడా. నాకు మాత్రం మనసు ఒప్పుకోలేదు. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే, పడిపోయిన నిమిషంలో ఎవరున్నారని కాదు మేం చూసేది. దానికి ముందు ఏం మారిందో వెనక్కి వెళ్ళి చూస్తాం. అలా వెనక్కి వెళ్తే, గ్లాసు విసిరిన చెయ్యి నా అధీనంలో లేదు, నిజమే. ఫోన్ ఆఫ్ చేసిన చెయ్యి మాత్రం పూర్తిగా నా అధీనంలోనే ఉంది. అప్పుడు షుగర్ బాగానే ఉంది. సారథి మెలకువగానే ఉన్నాడు. మెలకువగా ఉండి, పేరు కోసం, అలారం కట్టేశాడు.

కాబట్టి ఆ మాటకి క్షమించమని కాదు, ఫోన్ ఆఫ్ చేసినందుకు క్షమించమని అమ్మని అడిగాను. అమ్మకి ఆ తేడా అర్థమైందో లేదో తెలీదు. "సరేలే, ఇడ్లీ చల్లారిపోతోంది" అంది.

వినపడకపోవడం, గెలవడం ఒకటేనా?

చరక సంహిత సూత్రస్థానంలో ఏడో అధ్యాయం ఆపకూడని వేగాల గురించి. మూత్రం, మలం, తుమ్ము, ఆవలింత, ఆకలి, దాహం, కన్నీళ్ళు, నిద్ర, ఇలా 13 వేగాలు లెక్కపెడుతుంది. ఇవి వచ్చినప్పుడు బలవంతంగా ఆపితే రోగాలు వస్తాయంటుంది. అదే అధ్యాయంలో ఆపాల్సిన వేగాలు కూడా ఉన్నాయి. లోభం, కోపం, గర్వం, అసూయ లాంటివి.

ఇది చదివినప్పుడు సిగ్గేసింది. ముక్కోటి నాడు నేను చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆకలి మాట వినకపోవడాన్ని గొప్ప అనుకున్నాను. గర్వాన్ని మాత్రం హాయిగా నడవనిచ్చాను.

మనలో చాలామందికి ఇంద్రియ నిగ్రహం అంటే శరీరం మాట వినకపోవడమే అనే అభిప్రాయం ఉంది. నిద్ర మానేసి కోడ్ రాసేవాడు గొప్ప, జ్వరంతో ఆఫీసుకొచ్చినవాడు గొప్ప, కటిక ఉపవాసం చేసేవాడు గొప్ప. శరీరం మాట నిజంగా వినపడకుండా పోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది వైరాగ్యంలా ఉండదు. చీకట్లో, తెలియని ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. దాహం వేయని వాడికీ దాహాన్ని ఓర్చుకున్నవాడికీ బయట నుంచి చూస్తే తేడా కనపడదు. లోపల మాత్రం చాలా తేడా ఉంది. ఓర్చుకున్నవాడు పిలుపు విన్నాడు, "ఇప్పుడు కాదు" అన్నాడు. వాడు మళ్ళీ "సరే" అనగలడు. నాకు పిలుపే రాలేదు. రాని పిలుపుని నేను కాదన్నానని ఎలా చెప్పుకోను?

గీత 17వ అధ్యాయంలో, శాస్త్రం చెప్పని ఘోరమైన తపస్సుని డంబంతో, అహంకారంతో చేసేవాళ్ళ గురించి స్వామి గట్టిగానే అంటాడు. వాళ్ళు తమ శరీరాన్నే కాదు, అందులో ఉన్న తననీ బాధపెడుతున్నారని అంటాడు. ఆరో అధ్యాయంలో, అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ యోగం కుదరదని ముందే చెప్పాడు. ఉపవాసం అంటే దగ్గరగా ఉండటం అని మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఆ సాయంత్రం నేను స్వామికి దగ్గరగా లేను. పెద్దమ్మ పొగడ్తకి దగ్గరగా ఉన్నాను.

ఉపవాసం చేసేవాళ్ళని తప్పుపట్టడం లేదు. అమ్మ ఇప్పటికీ ఏకాదశికి ఉంటుంది, ఆ రోజు ఆమె మొహంలో వచ్చే తేటదనం నేను చూస్తూనే ఉన్నాను. నా మాట నాలాంటి వాళ్ళ గురించి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసం పెట్టుకోకండి, దయచేసి.

పూర్వజన్మ కర్మ

"పూర్వజన్మలో ఏం చేశాడో ఏమో" అని తొమ్మిదో ఏట నుంచి వింటున్నాను. అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఏం చెప్పాలో తెలియక అంటారు.

నాకు పూర్వజన్మ గుర్తులేదు. ఈ జన్మలో ఇంజనీరింగ్ హాస్టల్ బాగా గుర్తుంది. మెస్‌లో అందరి ముందు సూది తీయడానికి సిగ్గుపడి మధ్యాహ్నం డోసు ఎగ్గొట్టిన రోజులు గుర్తున్నాయి. హెచ్‌బీఏ1సీ 11 వస్తే రిపోర్టు పెట్టె అడుగున దాచడం గుర్తుంది. అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 వరకు టైప్ 1 ఉన్న 1,441 మంది మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్ళలో నరాలు దెబ్బతినే ముప్పు సుమారు 60 శాతం తగ్గింది. అంటే నా హాస్టల్ రోజులకి వెల ఉంది. కానీ 60 శాతం అంటే నూటికి నూరు కాదు. జాగ్రత్తగా ఉన్నా ఈ సమస్య వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళని చూసి "ఏదో తప్పు చేసే ఉంటారు" అనే హక్కు నాకు లేదు.

కర్మ అనే మాటని ఇప్పుడు ఒక్క చోటే వాడతాను, అది నా విషయంలోనే. నిన్న చేసినదాని ఫలం ఇవాళ నా ఒంట్లో ఉంది. ఇవాళ చేసేదాని ఫలం రేపు ఉంటుంది. ఇంకొకరి జబ్బుకి కారణం చెప్పడానికి ఆ మాట వాడితే, అది వాళ్ళ చెయ్యి పట్టుకోకుండా తప్పుకోవడానికే పనికొస్తుంది.

ఎవరు నడుపుతున్నారు?

నా నరాలకి చేసిన పరీక్షల్లో ఒకటి భలే ఉంటుంది. పడుకోబెట్టి ఈసీజీ పెట్టి, నిమిషానికి ఆరు శ్వాసలు తీసుకోమంటారు. ఐదు సెకన్లు లోపలికి, ఐదు సెకన్లు బయటికి. చూడటానికి అచ్చం ప్రాణాయామమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి గాలి పీల్చేటప్పుడు గుండె వేగం పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. నా వయసు వాళ్ళకి ఆ తేడా 15 పైన ఉండాలి. నాకు నాలుగు వచ్చింది. పేపర్ మీద గీతలన్నీ ఒకే దూరంలో, స్కేల్ పెట్టి గీసినట్టు ఉన్నాయి.

గుండె అంటే గడియారంలా కొట్టుకోవాలనుకునేవాణ్ణి. కాదట. ఊపిరితో పాటు కాస్త ఊగుతూ ఉండటమే ఆరోగ్యం.

కేనోపనిషత్తు ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఎవరి ప్రేరణతో మనసు కదులుతోంది, ఎవరు పంపితే ప్రాణం నడుస్తోంది అని. కాలేజీలో చదివినప్పుడు అదొక పెద్ద వేదాంత ప్రశ్నలా అనిపించింది. ఆ ఈసీజీ పేపర్ చేతిలో పట్టుకున్న రోజు అది నా ఇంటి ప్రశ్న అయింది. రోజుకి లక్ష సార్లు కొట్టుకునే గుండెని నేను ఒక్కసారి కూడా నడపలేదు. అన్నం అరిగించింది నేను కాదు. గీత 15వ అధ్యాయంలో, ప్రాణుల దేహాల్లో వైశ్వానరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేసేది తానేనని స్వామి చెప్తాడు. అన్నీ సవ్యంగా నడిచినన్నాళ్ళూ "నా ఒళ్ళు, నా ఇష్టం" అన్నాను. కొంచెం తేడా వచ్చాక గానీ అది నాకు ఇచ్చినదని గుర్తు రాలేదు.

అదే ఉపనిషత్తులో గెలిచామని గర్వపడ్డ దేవతల కథ ఉంది. యక్షుడు పెట్టిన గడ్డిపోచని అగ్ని కాల్చలేకపోతాడు, వాయువు కదపలేకపోతాడు. నా గడ్డిపోచ మంచం మీంచి లేచి నిలబడటం. రోజూ పొద్దున్నే ఒక పెద్ద గ్లాసు నీళ్ళు తాగి, రెండు నిమిషాలు మంచం అంచున కూర్చుని, కాళ్ళు ఆడించి, అప్పుడు లేస్తాను. ఆ రెండు నిమిషాల్లో అహంకారం పెద్దగా నిలవదు.

మొక్కు

ఒకటి మిగిలిపోయింది. నాకు షుగర్ అని తెలిసిన ఏడాది అమ్మ మొక్కుకుంది. "వీడు చదువుకుని ఉద్యోగంలో చేరితే, అలిపిరి నుంచి నీ కొండకి నడిచి వస్తాడు స్వామీ" అని. మొత్తం 3,550 మెట్లు. ఉద్యోగం వచ్చి ఆరేళ్ళయింది. మొదట్లో లీవు దొరకలేదు. దొరికేసరికి ఒళ్ళు ఇలా అయింది. నా గుండె శ్రమకి తగ్గట్టు వేగం పెంచుకోలేదు. గుండెనొప్పి వచ్చినా నాకు తెలియకపోవచ్చు. మెట్లు వద్దని మేడమ్ గట్టిగా చెప్పారు.

మొన్న మార్చిలో ముగ్గురం వెళ్ళాం. అలిపిరిలో పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టాం. చెల్లి నా ఫోన్ తన చేతిలో పెట్టుకుంది, నా షుగర్ ఇప్పుడు దాని ఫోన్‌లో కూడా కనిపిస్తుంది. మొదటి మెట్టుకి పసుపు కుంకుమ పెట్టి, నెమ్మదిగా కొన్ని మెట్లు ఎక్కాను. లెక్కపెట్టలేదు. ఒకచోట అమ్మే "చాల్లే నాన్నా, కూర్చో" అంది. కూర్చున్నాను. పక్కనుంచి పసుపు బట్టలు కట్టుకున్న వాళ్ళు, పిల్లల్ని భుజాన వేసుకున్న వాళ్ళు గోవింద నామాలు చెప్పుకుంటూ పైకి వెళ్తున్నారు. ఓ తాతగారు కర్ర పట్టుకుని నన్ను దాటి వెళ్ళిపోయారు. కన్నీళ్ళు వచ్చాయి. ఆపలేదు. చరకుడు చెప్పిన 13లో అదీ ఒకటి కదా.

తర్వాత దిగి, బస్సెక్కి పైకి వెళ్ళాం. దర్శనం బాగా జరిగింది. మొక్కు తీరిందా అని అమ్మని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "అది ఆయనకీ నాకూ మధ్య. నువ్వు టైంకి తిను" అంది.

తీరిందో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఒకటి మాత్రం అనిపిస్తోంది. నా రథంలో పగ్గాలు సగం తెగాయి. తెగిన చోట అమ్మ చూపు, చెల్లి ఫోన్, మేడమ్ మాట, చేతి మీద సెన్సర్ పట్టుకుని ఉన్నాయి. ఇంతకాలం నలుగురి మీద ఆధారపడటం చిన్నతనం అనుకున్నాను. నాకు వినపడనిది వాళ్ళకి వినపడుతున్నప్పుడు, వాళ్ళ మాట వినడమే నాకు మిగిలిన నిగ్రహం. గుడిలో హారతి వేళ గంట మోగితే మనం విసుక్కోం. దణ్ణం పెట్టుకుంటాం. ఇప్పుడు నా ఫోన్ మోగినా అంతే, మీటింగ్ మధ్యలో అయినా సరే, జేబులోంచి గ్లూకోజ్ బిళ్ళ తీసి అందరి ముందే నోట్లో వేసుకుంటాను.

ఏకాదశికి ఇప్పుడు అన్నం మానను. కొంచెం కొంచెంగా, టైంకి తింటాను. మానేది ఒక్క మాటే, "నాకేం లేదు" అనే మాట. ఎవరైనా "ఎలా ఉన్నావ్?" అని అడిగితే ఆ రోజు నిజం చెప్తాను. చేసి చూడండి, కటిక ఉపవాసం కంటే కష్టంగానే ఉంటుంది.

గోవిందా గోవింద.